కచ్చా మాల్

తెలుగులో ముడిసరుకు అంటారు. మా ఇళ్లల్లో కచ్చా మాల్ అంటాం. కాస్త చదువు నేర్చిన ఉర్దూలో ఖామ్ మాల్. ఏ పేరుతో పిలిచినా మల్కాపురంలో పుట్టిన మాకు ఇది పుస్తకాల్లో మాట కాదు, పొద్దున్న లేచి గుమ్మం తుడిస్తే గుడ్డకు అంటే మాట. ఒకరోజు ఎర్రగా ఉంటుంది, ఒకరోజు నల్లగా ఉంటుంది. ఎర్రది ఇనప రాయి, నల్లది బొగ్గు.

మల్కాపురం చూడనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఒకపక్క యారాడ కొండ, ఇంకోపక్క ఓడలు లోపలికొచ్చే కాలువ. సింధియా దగ్గర షిప్‌యార్డు, పక్కనే చమురు శుద్ధి కర్మాగారం, శ్రీహరిపురంలో కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ, మింది దగ్గర ఒకప్పటి జింకు ఫ్యాక్టరీ, గాజువాక దాటితే ఉక్కు కర్మాగారం. ఇన్ని ఉన్నాయి గానీ వీటికి కావలసిన అసలు సరుకు ఏదీ ఈ నేలలో పుట్టింది కాదు. చమురు గల్ఫు నుంచి వస్తుంది. ఎరువుల ఫాస్ఫేటు రాయి జోర్డాన్ లాంటి దేశాల నుంచి వస్తుంది. జింకు ఖనిజం రాజస్థాన్ నుంచి వచ్చేది. ఇనప రాయి బైలదిల్లా నుంచి, కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియా నుంచి. పనిచేసే మనుషులు కూడా అంతే. సిక్కోలు నుంచి, విజయనగరం నుంచి, ఒరిస్సా నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. ఊరంతా వచ్చినవాళ్లే, వచ్చినదే. అయినా 'మీరు ఎక్కడి నుంచి వచ్చారు?' అనే ప్రశ్న మమ్మల్నే అడుగుతారు. చమురును అడగరు. బొగ్గును అడగరు. సిక్కోలు వాణ్ణి అడిగినా బంధుత్వం కలుపుకోవడానికి అడుగుతారు. మమ్మల్ని అడిగేది తెంచుకోవడానికి.

అందుకని ఈ సరుకుల దారి పట్టుకుని వెనక్కి నడిచి చూద్దామనుకున్నాం. మా జాడ ఎక్కడైనా కనపడుతుందేమోనని.

ముందు మాటలు చూడండి. ఖరీదు, రసీదు, జమ, ఖర్చు, బాకీ, నగదు, వసూలు, దళారీ, రవాణా, బజారు, దుకాణం, కార్ఖానా. వీటిని తీసేసి ఒక్క రోజు వ్యాపారం చెయ్యమనండి తెలుగువాళ్లని. రేవు దగ్గరికి వెళితే లంగరు, సరంగు, కళాసీ. మచిలీపట్నానికి తెలుగువాడు ముద్దుగా పెట్టుకున్న బందరు అనే పేరు కూడా రేవు అని అర్థమిచ్చే పారసీ మాటే. ఈ మాటలన్నిటికీ తెలుగు పౌరసత్వం ఎప్పుడో దొరికింది. వాటిని ఎవరూ పాకిస్తాన్ పొమ్మనలేదు.

ఒక్క మాట మాత్రం ఎదురుదారిలో వెళ్లింది. అది ఉక్కు. దక్కనులో మూసల్లో కరిగించి తీసిన ఉక్కును యూరపు వాళ్లు వూట్జ్ అన్నారు. అది మన తెలుగు, కన్నడ 'ఉక్కు' మాటకు వాళ్ల నోట్లో వచ్చిన రూపమేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అరబ్బులు హింద్ నుంచి వచ్చిన ఉక్కుతో చేసిన కత్తిని ముహన్నద్ అన్నారు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, నీటి అలల్లాంటి చారలు తేలే కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే పర్షియాకు వస్తుందని రాశాడు. ఆ ఉక్కు తయారైన ఊళ్లలో పేరున్నది నిజామాబాదు వైపు కోనసముద్రం. వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు, భూగర్భ శాస్త్రం తెలిసినవాడు, 1820 ప్రాంతాల్లో అక్కడికి వెళ్లి చూశాడు. 1824లో ఆయన చనిపోయాక 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆ వివరం అచ్చయింది. అందులో ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక హాజీ కనిపిస్తాడు. ఉక్కు కొనడానికి అంత దూరం వచ్చి కోనసముద్రంలో మకాం పెట్టాడు. రెండు రకాల ఇనుము కలపాలి కదా, ఆ పాళ్లు తానే దగ్గరుండి తూయించేవాడు.

ఈ ముచ్చట మాకు ఎందుకు నచ్చిందో చెప్తాం. ఇనుము నిర్మల్ ప్రాంతపు రాయి, మట్టి అక్కడిది, చెయ్యి తెలుగు కమ్మరిది, డబ్బు ఇస్ఫహాన్‌ది, కత్తి మీద పేరు డమాస్కస్‌ది. ఎవరు ఎవరి సరుకు? ముడిసరుకు ఒక్కటే ఉంటే ఉక్కు కాదు. ఇనప రాయి పర్షియాలో లేక కాదు, ఆ హాజీ ఇంత దూరం వచ్చింది రాయి కోసం కాదు, చేతి పని కోసం. ఆ కమ్మరి పేరు వాయిసీ రాయలేదు. కొనేవాడి ఊరు మాత్రం రాశాడు. చరిత్ర రాసేవాళ్ల అలవాటు అప్పుడూ అంతే.

ఇటు తీరానికి వద్దాం. ఇంగ్లీషు కంపెనీ విశాఖపట్నంలో కోఠీ పెట్టింది 1682లో. వాళ్లకు కావలసింది బట్ట. పుంజాల లెక్కన నేసే తెల్ల బట్ట. నూట ఇరవై పోగులు ఒక పుంజం, పుంజాలు పెరిగేకొద్దీ నేత సన్నం, ధర ఎక్కువ. ఆ బట్టకు ముడిసరుకు పత్తి. దక్కను నల్లరేగడి చేలల్లో పండిన పత్తి బంజారాల ఎడ్ల మీద కోస్తాకు దిగేది. దాన్ని గింజ తీసి, ఏకి, వడికి, అప్పుడు మగ్గానికి ఎక్కించాలి. నేతగాళ్ల గురించి కంపెనీ కాగితాలు పుట్టలు పుట్టలుగా ఉన్నాయి. బయానా ఎంత ఇచ్చాం, ఎంత బాకీ పడ్డారు, ఎవరు పారిపోయారు, అన్నీ ఉన్నాయి. ఏకినవాడి గురించి చూద్దామంటే కనపడడు.

తెలుగు దేశంలో చాలాచోట్ల దూది ఏకినవాళ్లు దూదేకులవాళ్లు. నూర్‌బాషాలు, పింజారీలు అనే పేర్లూ ఉన్నాయి. పింజారీ అన్న మాట తెలుగులో తిట్టు అయింది. సినిమాల్లో విలనుకు, పల్లెల్లో మోతుబరికి నోట్లో ఆడే తిట్టు. ఒక ముడిసరుకును వాడకానికి తెచ్చిన చేతిపనిని తిట్టు చేసుకున్న భాష మనది. మా సయ్యద్, పఠాన్ ఇళ్లల్లోనూ దూదేకుల ఇంటికి పిల్లనివ్వరు, ఆ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బయట మేమంతా ఒక్క 'తురకోళ్లం', లోపల మాత్రం ఎవరి మెట్టు వాళ్లది.

మమ్మల్ని మీరు పాలకులు కదా అంటారు. శ్రీకాకుళంలో కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1640ల్లో కట్టించిన మసీదు చూపిస్తారు. 1689లో ఔరంగజేబు కంపెనీతో తగాదా పడినప్పుడు మొగలు సైన్యం విశాఖ కోఠీ మీద పడి తెల్లవాళ్లను చంపిన సంగతీ తీస్తారు. నిజమే, జరిగింది. మరుసటి ఏడాదే మొగలు సేనాని జుల్ఫికర్ ఖాన్ మళ్లీ వ్యాపారం చేసుకోమని వాళ్లకే అనుమతి ఇచ్చాడన్నదీ నిజమే. చంపిన వాళ్లూ పాలకులే, అమ్ముకున్న వాళ్లూ పాలకులే. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం ఒక ఫర్మానాతో, ఆ తర్వాతి ఏడు నిజాం అలీ ఒక ఒప్పందంతో, ఈ ఉత్తర సర్కార్లన్నీ కంపెనీ చేతుల్లో పెట్టేశారు. మమ్మల్ని అడిగారా? ఆ ఫౌజుదారు మా తాత కాడు. మా తాత దూది ఏకినవాడు, పడవ తోసినవాడు, తోళ్లు ఎండబెట్టినవాడు. కోటల లెక్క మా ఖాతాలో రాసి, దూది లెక్క మాత్రం రాయకుండా వదిలేస్తే ఎలా?

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. మాంచెస్టరు మిల్లు బట్ట వచ్చింది. కంపెనీ 1833 చార్టరుతో వ్యాపారం మానేసి పూర్తిగా రాజ్యం చేసుకుంది. బట్ట ఓడ ఎక్కిన దేశం నుంచి పత్తి ఓడ ఎక్కడం మొదలైంది. పత్తి, నువ్వులు, తోళ్లు, కరక్కాయ, భీమిలి నుంచి జనుము. ఒక దేశం పాడైందని చెప్పడానికి గీటురాయి ఇదే. తయారైన సరుకు పంపే చోటి నుంచి ముడిసరుకు పంపే చోటుగా మారడం.

ఆ కాలంలో విశాఖలో ఓడరేవు లేదు. ఓడలు దూరంగా సముద్రంలో నిలబడితే పడవల్లో సరుకు మోసేవాళ్లు. ఆ అలల మీద ఎవరికి ఎవరు దిక్కు? ఊరివాళ్లకు కొండ మీది ఇస్హాఖ్ మదీనా బాబా దిక్కు. ఇప్పటికీ పోర్టు కాలువ ఒడ్డున మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మరియమ్మ చర్చి, ఒకదాని మీద మా దర్గా. అటూ ఇటూ పోయే ఓడలు జెండాను మూడుసార్లు ఎక్కించి దించి బాబాకు సలాము చేసేవనీ, యాత్ర బాగా సాగితే హిందూ ఓడ యజమానులు వెండితో దోనె చేయించి దర్గాకు సమర్పించేవారనీ ఇంగ్లీషువాళ్లు జిల్లా గ్రంథాల్లో రాసిపెట్టారు. బంగాళాఖాతం గాలులన్నీ ఆయన మాట వింటాయని నమ్మకం. ఈ వెండి దోనెల చరిత్ర మా పిల్లల సాంఘిక శాస్త్రంలో లేదు. గజనీ దండయాత్రలు మాత్రం ఎన్నో అంకెతో సహా ఉన్నాయి.

రేవు వచ్చింది ఎవరి కోసం అంటే మాంగనీసు కోసం. ఉక్కు గట్టిపడాలంటే మాంగనీసు కావాలి, ఇంగ్లండు కొలుములకు అది చాలా కావాలి. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే 1892లో ఈ విశాఖ జిల్లాలో, గరివిడి వైపు. మధ్య పరగణాల్లో ఇంకా ఎక్కువ దొరికింది. అక్కడి నుంచి సముద్రానికి దగ్గర దారి విశాఖే. ఇక్కడ హార్బరు కట్టవచ్చని 1858లోనే ఒక నివేదిక ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రాయపూర్ నుంచి విజయనగరం దాకా పట్టాలు పూర్తిచేసింది 1931లో. డాల్ఫిన్స్ నోస్ కొండ కింద జానస్, వెల్లెడ్సన్ అనే రెండు ముసలి ఓడలను కావాలనే ముంచి అలలకు అడ్డుకట్ట వేశారు. ఉప్పు చిత్తడి తవ్వి కాలువ చేశారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి జలదుర్గ లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి రిబ్బను కత్తిరించాడు. పట్టాలు, కాలువ, క్రేన్లు అన్నీ రాయిని బయటికి తీసుకుపోవడానికే. ఇంగ్లీషువాడు మన మీద ప్రేమతో హార్బరు కట్టాడని చెప్పే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల కోసం ఈ వివరం.

తట్టలు మోసిన కళాసీల్లో మావాళ్లూ ఉన్నారు. ఆడవాళ్లు తట్టలు ఎత్తితే మగవాళ్లు ఓడ పొట్టలోకి పోసేవారు. పోర్టు చరిత్రలో ఇంజనీర్ల పేర్లు ఉంటాయి, టన్నుల లెక్క ఉంటుంది. టన్నులు ఎవరి మెడల మీద నడిచాయో ఉండదు.

1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ సింధియా ఓడల కార్ఖానాకు పునాది వేశారు. 1948 మార్చి 14న జలఉషను నెహ్రూ నీళ్లలోకి వదిలారు. స్వతంత్ర దేశపు ఓడ. అంతకు ఏడు నెలల ముందే దేశం రెండు ముక్కలైంది. పోదలచుకున్నవాళ్లు పోయారు. ఓడలు తయారయ్యే ఊళ్లో ఉండి కూడా మావాళ్లు ఓడ ఎక్కలేదు, ఇక్కడే రివిట్లు కొట్టుకుంటూ ఉండిపోయారు. దేశభక్తికి రుజువు కావాలంటే ఇంతకన్నా ఏం చూపించాలో మాకు తెలీదు.

1957లో కాల్టెక్సు చమురు శుద్ధి మొదలుపెట్టింది. 1978లో అది హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. మా వీధుల్లో ముసలివాళ్లు ఇంకా కాల్టెక్సు అనే అంటారు. గల్ఫు ముడిచమురు మల్కాపురానికి వచ్చింది. డెబ్బయిల తర్వాత మల్కాపురం కుర్రాళ్లు గల్ఫుకు పోయారు. వెల్డర్లు, ఫిట్టర్లు, పెయింటర్లు. చమురు ఇటు, చెమట అటు. తిరిగొచ్చిన కుర్రాడు రెండు గదుల స్లాబు ఇల్లు వేస్తే 'అరబ్బు డబ్బు' అన్నారు. పక్కవీధి కుర్రాడు అదే దుబాయి నుంచి వచ్చి అదే ఇల్లు వేస్తే 'కష్టపడ్డాడు' అన్నారు. చమురు శుద్ధి అయ్యాక దాని పుట్టుక ఎవరికీ గుర్తుండదు. మేం ఎన్ని తరాలు శుద్ధి అవ్వాలో ఎవరూ చెప్పరు.

1997 సెప్టెంబరు 14 తెల్లవారుజామున ఓడ నుంచి దిగుతున్న గ్యాసు అంటుకుంది. టాంకులు పేలాయి. అరవై మంది దాకా పోయారు. మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక జనం కట్టుబట్టలతో రోడ్డున పడ్డారు. ఆ రోజు పరుగులో ఎవరూ ఎవరి పేరూ అడగలేదు. తిరిగొచ్చాక అడగడం మళ్లీ మొదలైంది. 2020 మే 7న ఊరికి అటుపక్క వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి లేచి పన్నెండుమంది ప్రాణాలు తీసింది కూడా తయారైన ప్లాస్టిక్కు కాదు, టాంకులో నిలవబెట్టిన స్టైరీను, ముడిసరుకే. సరుకు కోసం కట్టిన ఊళ్లో మనిషికన్నా నిలవ సరుకుకే చోటు ఎక్కువ.

ఇక ఉక్కు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా లేచింది. అక్టోబరు 15న అమృతరావు గారు నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద 32 మంది చనిపోయారని లెక్క. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ పునాదిరాయి వేశారు. అరవైకి పైగా పల్లెలు ఖాళీ అయ్యాయి, వేల కుటుంబాలకు భూమికి బదులు ఆర్ కార్డు చేతికి వచ్చింది. కార్డు ఉన్నవాళ్లందరికీ ఉద్యోగం రాలేదు. భూమి ఉన్నవాడికి కార్డు వచ్చింది, భూమి లేక ఆ ఊళ్లల్లో పరుపులు కుట్టీ, గాజులు అమ్మీ బతికినవాడికి ఏ లెక్కలోనూ చోటు లేదు.

1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. తెలుగువాడు ప్రధాని, తెలుగువాళ్ల ఉక్కు. మేమూ సంబరపడ్డాం. ఆ జాతిలో మేం ఉన్నామా లేదా అన్న సంగతి నాలుగు నెలలకు డిసెంబరు 6న తెలిసింది. అప్పుడూ ఆయనే ప్రధాని.

ఆ కర్మాగారానికి పుట్టుకతోనే ఒక లోటు పెట్టారు. సొంత ఇనప గని ఇవ్వలేదు. టాటాలకు నోవముండి ఉంది, సెయిల్ ఫ్యాక్టరీలకు వాటి గనులు ఉన్నాయి. విశాఖకు జగ్గయ్యపేట సున్నపురాయి, మాధారం డోలమైటు, గర్భాం మాంగనీసు ఇచ్చి అసలు ఇనుము దగ్గర చెయ్యి కట్టేశారు. బైలదిల్లా రాయి మొదట జపాను కోసం. 1960లో ఒప్పందం, అరవైల చివరికి కొత్తవలస-కిరండోలు రైలుమార్గం, 1976లో పెద్ద ఓడల కోసం ఔటర్ హార్బరు, అన్నీ దాని కోసమే. కళ్లెదుట రైళ్లకొద్దీ రాయి పోతుంటే విశాఖ ఫ్యాక్టరీ మాత్రం ఎన్ఎండీసీ దగ్గర బజారు ధరకు కొనుక్కోవాలి. ఉక్కు ధర బాగున్న రోజుల్లో ఇది కనపడదు. ధర పడిపోయిన రోజున నష్టం మీద పడుతుంది. గని లేకుండా పుట్టించి, ముప్పై ఏళ్లు బజారులో కొనిపించి, చివరికి 'మీకు నడపడం చేతకాదు, నష్టాల్లో ఉన్నారు' అని 2021 జనవరి 27న నూటికి నూరుపాళ్లు అమ్మేస్తామన్నారు.

ఈ వాదన మేం ఎక్కడో విన్నాం. ముస్లింలు చదువుకోరు, ముందుకు రారు, వెనకబాటు వాళ్ల స్వభావం అని మాకు చెప్పేది ఇదే పద్ధతిలో కాదా? భూమి లేదు, బ్యాంకు అప్పు పుట్టదు, ఇల్లు అద్దెకు దొరకదు. 2006లో సచార్ కమిటీ అంకెలతో సహా ఇదంతా చెప్పింది. ఆ అంకెలు పక్కనపెట్టి స్వభావం గురించి మాట్లాడతారు. 2007లో బీసీ-ఇ కింద వచ్చిన నాలుగు శాతం రాష్ట్రానిది, కేంద్ర సంస్థ గేటు దగ్గర చెల్లదు. దూదేకులవాళ్లకు మాత్రం కేంద్ర ఓబీసీ జాబితాలో చోటుంది. ఫ్యాక్టరీయే అమ్ముడుపోతే ఆ చోటూ, దళితుల చోటూ, నిర్వాసితుల ఆర్ కార్డూ అన్నీ చిత్తుకాగితాలే. జింకు ఫ్యాక్టరీ కళ్లముందే ఉంది. 2002లో సంస్థ ప్రైవేటు చేతికి పోయింది, 2012లో విశాఖ కొలిమి ఆరిపోయింది. ముడిసరుకు రాజస్థాన్‌లో ఉంటే కొలిమి ఇక్కడెందుకన్నది యజమాని లెక్క.

అందుకే 2021 ఫిబ్రవరిలో కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వేస్తే మావాళ్లూ వెళ్లి కూర్చున్నారు. 'ఆంధ్రుల హక్కు' నినాదం గొంతెత్తి ఇచ్చారు. ఆ ఆంధ్రుల్లో మేం ఉన్నామని ఎవరూ చెప్పకపోయినా ఇచ్చారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అందులో సొంత గని లేదు. డబ్బు ప్రకటించిన ఏడాదే కాంట్రాక్టు కార్మికులను తీసేయడం మొదలైంది. కాంట్రాక్టు పనే మావాళ్లకు ఎక్కువగా దొరికే పని.

గని కావాలని మేమూ అడుగుతున్నాం. అయితే ఆ గని ఎవరి కొండ మీద అన్నది మా శిబిరాల్లో పెద్దగా వినపడలేదు. బైలదిల్లా తవ్వకంతో కిందికి పారే శంఖినీ వాగు ఎర్రబారిపోయింది. 1978 ఏప్రిల్‌లో కిరండోలులో గని కార్మికుల మీద కాల్పులు జరిగాయి. 2019 జూన్‌లో పదమూడో నంబరు నిక్షేపం తవ్వొద్దని వేలమంది ఆదివాసులు, బియ్యం మూటలు కట్టుకుని వచ్చి, కిరండోలులో రోజుల తరబడి కూర్చున్నారు. ఆ నందరాజు కొండ వాళ్ల దేవుడి కొండ. మాకు ముడిసరుకుగా కనపడేది వాళ్లకు దర్గా లాంటిది. ఆ కొండకు వాళ్లెవరూ 'వచ్చినవాళ్లు' కారు, ఇది వాళ్ల నేలేనని ఒప్పుకోనివాడు లేడు. అయినా వాళ్ల మాట చెల్లలేదంటే, 'ఎక్కడి నుంచి వచ్చారు' అన్న ప్రశ్న వచ్చినవాళ్లను పట్టుకోవడానికి వేసింది కాదని మాకు అనుమానం. కూర్మన్నపాలెం నుంచి కిరండోలుకు పట్టాలున్నాయి. రాయి రోజూ వస్తోంది. అక్కడి మనుషులతో మాట్లాడడానికి ఇక్కడి నుంచి ఇంకా ఎవరూ ఆ రైలెక్కిన దాఖలా మాకు కనపడలేదు.